పాత సీడీయా, ఆడియోఫైల్ రీమాస్టరా? ఇంట్లోనే తేల్చుకునే పద్ధతి

ఒకే ఆల్బం మూడు రూపాల్లో దొరుకుతుంది: మొదట వచ్చిన సీడీ, ఆ తర్వాతెప్పుడో వచ్చిన రీమాస్టర్, బంగారు పూత డిస్కుగానో 24 బిట్ ఫైలుగానో అమ్మే ఆడియోఫైల్ ఎడిషన్ (శబ్ద నాణ్యత మీద పట్టింపు ఉన్నవారి కోసం చేసినది). మూడోదానికి ధర ఎక్కువ, పొగడ్తలూ ఎక్కువ. పెట్టే డబ్బుకి తగ్గ తేడా నిజంగా ఉందా, ఉంటే అది మేలు చేసే తేడాయేనా అన్నది ఒక సాయంత్రం కూర్చుంటే ఎవరైనా తేల్చుకోవచ్చు. కావలసినవి: పోల్చదలచిన రెండు ఎడిషన్లు, డిస్క్ డ్రైవ్ ఉన్న కంప్యూటర్, మీకు బాగా అలవాటైన హెడ్‌ఫోన్స్, ఉచితంగా దొరికే ఐదారు ప్రోగ్రాములు. ఖరీదైన యాంప్లిఫయర్ అక్కర్లేదు. రెండు మాస్టరింగ్‌ల మధ్య చెప్పుకోదగ్గ తేడా ఉంటే మామూలు హెడ్‌ఫోన్స్‌లోనే తెలిసిపోతుంది.

ముందుగా ఒక సంగతి. రికార్డింగ్, మిక్సింగ్ (విడివిడి శబ్దాలను కలపడం), మాస్టరింగ్ (కలిపినదాన్ని ముద్రణకు ముందు చివరిసారి సర్దడం) మూడూ వేర్వేరు పనులు. రీమాస్టర్ చేసేవారి చేతికి వచ్చేది అప్పటికే మిక్స్ అయిపోయిన రెండు ఛానెళ్ల టేపు. అందులో గొంతు డ్రమ్స్ వెనక మునిగిపోయి ఉంటే దాన్ని బయటికి లాగడం వారి వల్ల కాదు. వారు మార్చగలిగేవి కొన్నే: బేస్, ట్రెబుల్ పాళ్లు, మొత్తం లౌడ్‌నెస్, కంప్రెషన్ (బిగ్గర, మెల్లని శబ్దాల మధ్య ఎడాన్ని నొక్కేయడం), హిస్ (టేపు వెనక వినిపించే బుస) తగ్గించడం, టేపును ఎంత శ్రద్ధగా ప్లే చేశారన్న విషయం. అందుకే మొదట్లోనే బాగా చేసిన రికార్డింగ్‌ను రీమాస్టర్‌లో బాగుచేయడానికి చోటు తక్కువ, పాడుచేయడానికి చోటు ఎక్కువ.

1. ఏది ఏ మాస్టరింగో గుర్తించండి

కవర్‌ని నమ్మకండి. ఒకే బార్‌కోడ్, ఒకే కేటలాగ్ నంబర్ కింద రెండు వేరు మాస్టరింగ్‌లు అమ్ముడైన సందర్భాలు చాలా ఉన్నాయి. డిస్కును తిప్పి, మెరిసే వైపు మధ్య రంధ్రం చుట్టూ ఉన్న వలయంలో చెక్కిన మ్యాట్రిక్స్ నంబర్ చూడండి. లైటు కింద వంచి చూస్తే కనిపిస్తుంది. ఆ నంబర్‌ను డిస్కాగ్స్ వెబ్‌సైట్ జాబితాలో వెతికితే ఏ ఫ్యాక్టరీ, ఏ ముద్రణ అన్నది చాలావరకు దొరుకుతుంది. అదే వలయంలో 'ఐఎఫ్‌పీఐ' అక్షరాలతో చిన్న కోడ్ ఉంటే ఆ డిస్కు 1994 లేదా ఆ తర్వాత ముద్రించినది. లేకపోతే అంతకు ముందుది కావచ్చు. ఇక్కడే చాలామంది పొరబడతారు: కోడ్ ఉన్నంత మాత్రాన అది రీమాస్టర్ అని కాదు. పాత మాస్టర్‌నే 2000 తర్వాత కూడా మళ్లీ మళ్లీ ముద్రిస్తూ వచ్చారు.

బంగారు పూత, ఎస్‌హెచ్‌ఎం‌-సీడీ, బ్లూ-స్పెక్ లాంటి పేర్లన్నీ డిస్కు తయారైన పదార్థానికో, ముద్రణ పద్ధతికో సంబంధించినవి. మాస్టరింగ్ గురించి అవి ఏమీ చెప్పవు. అదే మాస్టర్‌ను రెండు రకాల డిస్కుల మీద ముద్రిస్తే సరిగ్గా చదివాక బయటికొచ్చే అంకెలు ఒకటే. ఇది ఊరికే నమ్మాల్సిన మాట కాదు, నాలుగో మెట్టులో మీరే చూసుకోవచ్చు.

హైబ్రిడ్ ఎస్‌ఏసీడీలైతే (మామూలు సీడీ పొరతో పాటు హెచ్చు రిజల్యూషన్ పొర కూడా ఉండే డిస్కులు) ఇంకో మెలిక ఉంది. ఒకే డిస్కులోని రెండు పొరల్లో రెండు వేరు మాస్టరింగ్‌లు ఉండవచ్చు. సీడీ పొరను గట్టిగా నొక్కేసి, ఎస్‌ఏసీడీ పొరను విశాలంగా వదిలేస్తే, వినేవాడికి ఫార్మాటే గొప్పదన్న భ్రమ కలుగుతుంది.

2. తప్పుల్లేకుండా రిప్ చేయండి

రిప్ అంటే డిస్కులోని పాటను కంప్యూటర్‌లోకి ఫైలుగా తీసుకోవడం. విండోస్‌లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ, మ్యాక్‌లో ఎక్స్‌ఎల్‌డీ చాలు. సెక్యూర్ మోడ్ పెట్టండి, ఆక్యురేట్‌రిప్ తనిఖీ ఆన్ చేయండి, ఫ్లాక్‌లో (నాణ్యత పోని ఫైలు రకం) దాచుకోండి. నార్మలైజ్ (స్థాయిని తనంతట తనే మార్చేది) అనే ఆప్షన్ ఎక్కడ కనిపించినా ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే పోలికంతా వృథా. ఆక్యురేట్‌రిప్‌లో మీ రిప్ ఇతరుల రిప్‌లతో కలిస్తే డ్రైవ్ సరిగ్గా చదివిందని నమ్మవచ్చు. కలవకపోతే డిస్కు తుడిచి మళ్లీ చేయండి. స్ట్రీమింగ్ నుంచి రికార్డ్ చేసుకున్నది ఈ పనికి పనికిరాదు. అక్కడ పాత ఆల్బం పేరు మీద ఏ మాస్టరింగ్ పెట్టారో చెప్పరు, చెప్పకుండా మారుస్తారు కూడా.

1980ల మొదట్లో వచ్చిన సీడీలకు ఒక ప్రత్యేక జాగ్రత్త కావాలి. వాటిలో కొన్నింటిని ప్రీ-ఎంఫసిస్‌తో ముద్రించారు. అంటే ట్రెబుల్‌ను పెంచి ఎక్కించి, ప్లేయర్‌లో తిరిగి తగ్గించే పద్ధతి. 20 కిలోహెర్ట్జ్ దగ్గర ఆ పెంపు 9 డెసిబెల్స్‌కు పైమాటే. పాత సీడీ ప్లేయర్ ఆ గుర్తు చూసి తనంతట తనే తగ్గిస్తుంది. కంప్యూటర్ రిప్ తగ్గించదు. ఇది తెలియక పోల్చినవారే "పాత సీడీ గీరుకుపోతున్నట్టుంది, రీమాస్టర్ ఎంత మెత్తగా ఉందో" అని రాస్తుంటారు. ఎగ్జాక్ట్ ఆడియో కాపీ ట్రాక్ జాబితాలో ప్రీ-ఎంఫసిస్ గడి ఉంటుంది. అక్కడ 'యెస్' (అవును) అని ఉంటే సాక్స్ అనే ఉచిత ప్రోగ్రాంలోని డీ-ఎంఫసిస్ ఫిల్టర్ వేయండి. కొన్ని డిస్కుల్లో ఆ గుర్తు డిస్కు విషయసూచికలో ఉండదు, సబ్‌కోడ్‌లో (పాటతో పాటే దాగి ఉండే అదనపు సమాచారం) మాత్రమే ఉంటుంది. కాబట్టి 1986కు ముందరి డిస్కు అనుమానం వచ్చేంత పదునుగా వినిపిస్తే సబ్‌కోడ్ కూడా చదివి చూడండి.

3. వినే ముందు ఒకసారి చూడండి

రెండు ఫైళ్లనూ ఆడాసిటీ అనే ఉచిత ప్రోగ్రాంలో ఒకదాని కింద ఒకటి తెరవండి. పాత సీడీలో డ్రమ్ దెబ్బలు ముళ్లలా పొడుచుకొచ్చి, వాటి మధ్య ఖాళీ కనిపిస్తుంది. నొక్కేసిన రీమాస్టర్‌లో ఆ ముళ్లన్నీ ఒకే ఎత్తులో కోసేసిన కంచెలా ఉంటాయి. క్లిప్పింగ్ (శిఖరాలు హద్దు దాటి తెగిపోవడం) చూపించే ఆప్షన్ ఆన్ చేస్తే ఎర్ర గీతలు పడతాయి. అక్కడక్కడా ఒకటి రెండు పడితే పట్టించుకోనక్కర్లేదు. పాటంతా ఎర్రబారితే ఆ ఎడిషన్‌ను పక్కన పెట్టడానికి అదొక్కటే చాలు. క్లిప్పింగ్ కనపడకపోయినా శిఖరాలన్నీ సరిగ్గా ఒకే గీత దగ్గర, ఉదాహరణకు −0.3 డెసిబెల్ దగ్గర, ఆగిపోతుంటే లిమిటర్ (శిఖరాలను ఒక గీత దాటనివ్వని సాధనం) పనిచేసినట్టే.

తర్వాత డైనమిక్ రేంజ్ మీటర్ అనే ప్రోగ్రాం. ఇది పాటను 3 సెకన్ల ముక్కలుగా చేసి, అత్యంత బిగ్గరైన 20 శాతం ముక్కల సగటుకూ శిఖరానికీ మధ్య ఎంత ఎడం ఉందో చెబుతుంది. రాక్, పాప్ ఆల్బం మొదటి సీడీలో 12 నుంచి 15 రావడం మామూలే. రీమాస్టర్‌లో అది 7కు పడిందంటే ఏం జరిగిందో వేరే చెప్పక్కర్లేదు. 13 నుంచి 11కు తగ్గితే మాత్రం ఆ అంకెను బట్టి తీర్పు ఇవ్వకండి. రెండు పాయింట్ల తేడా బేస్ కొంచెం పెంచినా వస్తుంది. ఎల్పీ (వినైల్ రికార్డు) నుంచి రిప్ చేసిన ఫైళ్లకు ఈ మీటర్‌ను అసలు వాడకండి. ఎల్పీ కోసినప్పుడూ ప్లే చేసినప్పుడూ ఫేజ్ (తరంగాలు ఒకదానితో ఒకటి కలిసే వరస) మారి శిఖరాలు పెరుగుతాయి. అందుకే అదే డిజిటల్ మాస్టర్ నుంచి కోసిన ఎల్పీకి కూడా మూడు నాలుగు పాయింట్లు ఎక్కువ చూపించవచ్చు. "ఎల్పీలో డైనమిక్స్ ఎక్కువ" అనే వాదనల్లో చాలావరకు ఈ మీటర్ పుణ్యమే.

ఇక స్పెక్ట్రం, అంటే ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత శబ్దం ఉందో చూపే చిత్రం. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ అని అమ్మిన ఫైలును స్పెక్ అనే ప్రోగ్రాంలో తెరిస్తే 22 కిలోహెర్ట్జ్ దగ్గర గోడ కట్టినట్టు సంగీతం ఆగిపోయిందా? అయితే అది సీడీ రేటు మాస్టర్‌ను సాగదీసింది. 25 కిలోహెర్ట్జ్ దాటాక పైకి పోయేకొద్దీ నురగలా శబ్దం పెరుగుతుంటే డీఎస్‌డీ (ఎస్‌ఏసీడీల్లో వాడే డిజిటల్ పద్ధతి) నుంచి మార్చినది. అది లోపం కాదు, ఆ పద్ధతి లక్షణమే.

4. రెండూ ఒకటేనేమో చూడండి

కొత్త కవర్‌లో పాత మాస్టర్ పెట్టి అమ్మడం అరుదేమీ కాదు. ఆడాసిటీలో రెండు ట్రాకుల్ని పెట్టి, పాట మొదట్లోని పదునైన డ్రమ్ దెబ్బ దగ్గర శాంపిల్ (ధ్వనిని కొలిచిన ఒక్కో చుక్క) స్థాయికి జూమ్ చేయండి. రెండో ట్రాక్‌ను జరిపి శిఖరం మీద శిఖరం పడేలా సర్దండి. ఒక ముద్రణకూ ఇంకోదానికీ కొన్ని వందల శాంపిళ్ల ఎడం ఉండటం సహజం. ఇప్పుడు ఒకదాన్ని ఇన్‌వర్ట్ చేసి (తరంగాన్ని తలకిందులు చేసి) రెండింటినీ కలిపి ప్లే చేయండి. పూర్తి నిశ్శబ్దం వస్తే రెండూ ఒకే మాస్టర్. పాట అలాగే, సన్నగా వినిపిస్తే లౌడ్‌నెస్ ఒక్కటే మార్చి ఉండవచ్చు. బిగ్గరగా ఉన్నదాని స్థాయిని 0.1 డెసిబెల్ చొప్పున తగ్గిస్తూ చూడండి. ఎక్కడో ఒకచోట మాయమైతే మీ 'రీమాస్టర్' కేవలం వాల్యూమ్ నాబ్.

టేపును మళ్లీ ప్లే చేసి డిజిటైజ్ చేసిన ఎడిషన్‌తో ఇది ఎప్పటికీ నిశ్శబ్దం ఇవ్వదు. టేప్ మెషిన్ వేగం క్షణక్షణం అతి కొద్దిగా మారుతుంది కాబట్టి, మొదట్లో కలిసినవి పది సెకన్లకే విడిపోతాయి. ఇదే ఆధారంగా నిజంగా కొత్త ట్రాన్స్‌ఫర్ జరిగిందో, పాత ఫైలుకే ఈక్వలైజర్ వేశారో కూడా పసిగట్టవచ్చు. పాట చివరిదాకా శాంపిల్‌కి శాంపిల్ కలిసే ఉంటే రెంటికీ మూలం ఒకే డిజిటల్ ఫైలు.

5. లౌడ్‌నెస్ సమం చేయండి

ఈ మెట్టు దాటేస్తే మిగిలిన పనంతా దండగ. ఒకే పాటను సగం డెసిబెల్ పెంచి వినిపిస్తే చెవి దాన్ని 'బిగ్గరగా ఉంది' అనుకోదు. 'స్పష్టంగా ఉంది, లోతుగా ఉంది' అనుకుంటుంది. పాత సీడీకీ నొక్కేసిన రీమాస్టర్‌కీ మధ్య 6 నుంచి 10 డెసిబెల్స్ తేడా మామూలు. సర్దకుండా వింటే మొదటి పది సెకన్లలో ప్రతిసారీ రీమాస్టరే గెలుస్తుంది.

ఫూబార్2000 అనే ఉచిత ప్లేయర్‌లో రెండు ఫైళ్లనూ ఎంచుకుని రీప్లేగెయిన్ స్కాన్ చేయండి. ఇది బీఎస్.1770 ప్రమాణం ప్రకారం చెవికి తోచే లౌడ్‌నెస్‌ను కొలుస్తుంది. ఆల్బంగా కాకుండా విడి ట్రాకులుగా స్కాన్ చేయాలి. అయినా ఇందులో ఒక చిక్కుంది. పాట మొత్తం సగటు సమానమైనా, నొక్కేసిన ఎడిషన్‌లో నెమ్మది భాగాలు పైకి లేచి ఉంటాయి కాబట్టి పల్లవి ముందు వచ్చే మెత్తని భాగం అందులో బిగ్గరగానే వినిపిస్తుంది. అందుకని పాటంతా వదిలేసి, మీరు వినబోయే 20 నుంచి 30 సెకన్ల ముక్కను రెండు ఫైళ్లలోనూ ఒకే చోట కత్తిరించండి. ఆ ముక్కల్నే కొలిచి, తేడా 0.1 డెసిబెల్ లోపు ఉండేలా సర్దండి. సర్దేటప్పుడు బిగ్గరగా ఉన్నదాన్ని తగ్గించాలి తప్ప మెల్లగా ఉన్నదాన్ని పెంచకూడదు; పెంచితే దాని శిఖరాలు తెగుతాయి.

ఒక ఎడిషన్‌లో బేస్ బాగా ఎక్కువైతే మీటర్ సమానమన్నా చెవి ఒప్పుకోకపోవచ్చు. అలాంటప్పుడు గొంతు ఒక్కటే ఉన్న భాగాన్ని ఎంచుకుని దాంతో సర్దండి.

6. పేరు తెలియకుండా వినండి

ఫూబార్2000కు ఏబీఎక్స్ కంపారేటర్ అనే అనుబంధం ఉంది. ఏ, బీ అంటే మీ రెండు ఫైళ్లు. ఎక్స్ అంటే ఆ రెంటిలో ఏదో ఒకటి. అది ఏదో మీరు చెప్పాలి. మొదలుపెట్టే ముందే ఎన్నిసార్లు చేయాలో నిర్ణయించుకోండి. 16 సార్లు మంచి సంఖ్య. అందులో 12 సరిగ్గా చెబితే అది అదృష్టం అయ్యే అవకాశం 4 శాతం లోపే. 10 సార్లే చేస్తే 9 రావాలి. 8 వస్తే తేల్చలేం. స్కోరు బాగున్నచోట ఆపేయడం, బాగాలేదని ఇంకో నాలుగు కలపడం రెండూ లెక్కను చెడగొడతాయి.

పరీక్షను మోసం చేసే చిన్న విషయాలు రెండు. ముక్కలు ఒకే క్షణంలో మొదలుకాకపోతే, ధ్వనిని బట్టి కాకుండా ఆ ఆలస్యాన్ని బట్టి గుర్తుపట్టేస్తారు. శాంపిల్ రేట్లు వేరైతే మారేటప్పుడు పరికరం 'టిక్' మంటుంది, దాంతో గుట్టు రట్టవుతుంది. రెండింటినీ ముందే ఒకే రేటుకు మార్చి పెట్టుకోండి.

తేడా ఉందా లేదా అన్నది మాత్రమే ఏబీఎక్స్ చెబుతుంది, ఏది మేలో చెప్పదు. బేస్, ట్రెబుల్ మార్చిన రీమాస్టర్‌ను 16కి 16 గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. మేలు తేల్చడానికి సమం చేసిన పూర్తి పాటల ఫైళ్ల పేర్లు ఇంట్లో ఎవరిచేతనైనా మార్పించుకుని, ఒకటి ఇవాళ, ఇంకోటి రేపు, మామూలుగా వినేంతసేపు వినండి. నొక్కేసిన మాస్టరింగ్ దోషం పది సెకన్లలో బయటపడదు. నాలుగో పాటకి వాల్యూమ్ తగ్గించాలనిపిస్తుంది, అదే దాని లక్షణం.

7. ఎక్కడ చెవి పెట్టాలి

స్నేర్ డ్రమ్ మీద దెబ్బ పడే తొలి క్షణం చూడండి. లిమిటర్ ముందుగా మింగేది దాన్నే. టప్పుమని కొట్టాల్సింది అట్టపెట్టె మీద కొట్టినట్టు వస్తుంది. తర్వాత సింబల్ తోక. హిస్ తగ్గించే ప్రోగ్రాం అతిగా వాడితే సింబల్ మోగి మోగి సహజంగా ఆరిపోకుండా మధ్యలో తడబడుతుంది, నీళ్లలో మునిగినట్టుంటుంది. పాట చివర ఫేడ్ అవుతున్నప్పుడు హిస్ కూడా మెల్లగా తగ్గాలి. సంగీతం ఇంకా ఉండగానే హిస్ ఠక్కున పోయిందంటే గేటో (మెల్లని శబ్దాన్ని పూర్తిగా మూసేసేది), నాయిస్ రిడక్షనో వేశారు. టేపు హిస్ వినపడటం తప్పు కాదు. మంచి ట్రాన్స్‌ఫర్‌కు అది ఒక గుర్తు కూడా.

గొంతులో 'స', 'శ' అక్షరాలు చెవిలో గుచ్చుకుంటున్నాయా? 10 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల పెంచారు. బేస్ గిటార్‌లో స్వరాలు విడివిడిగా తెలియకుండా ఒకే ముద్దగా మోగుతుందా? 60 నుంచి 100 హెర్ట్జ్ మధ్య పెంచారు. ఈ రెండూ కలిపి చేసిన రీమాస్టర్లు కోకొల్లలు. మొదట వినగానే 'అబ్బా' అనిపించేవి అవే.

8. రీమాస్టర్ గెలిచే సందర్భాలు నిజంగానే ఉన్నాయి

తొలినాటి సీడీలు కొన్ని అసలు మాస్టర్ టేపు నుంచి రాలేదు. ఎల్పీ కోయడానికి బేస్ తగ్గించి చేసిన కాపీ టేపునో, ఆ కాపీకి కాపీనో వాడారు. టేప్ మెషిన్ హెడ్ అజిముత్ (టేపుకు ఆనే కోణం) సరిగ్గా సర్దకపోతే ట్రెబుల్ మసకబారుతుంది. డాల్బీ-ఏ అనే హిస్ తగ్గించే పద్ధతితో రికార్డ్ చేసిన టేపును తప్పు స్థాయిలో డీకోడ్ చేస్తే పాట రంగే మారుతుంది. ఇలాంటి లోపాలున్న చోట అసలు టేపుకు తిరిగి వెళ్లిన రీమాస్టర్ కొనదగ్గదే. మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ' అందుకు స్పష్టమైన ఉదాహరణ. 1959లో మొదటి వైపు పాటల్ని రికార్డ్ చేసిన మెషిన్ కాస్త నెమ్మదిగా తిరిగింది. దాంతో మామూలు వేగంతో ప్లే చేసినప్పుడు దశాబ్దాల పాటు అవి ఉండాల్సిన శృతి కన్నా పైనే వినిపించాయి. 1990లలో రెండో మెషిన్ మీది టేపు వాడి దాన్ని సరిదిద్దారు. అక్కడ పాత ముద్రణ కోసం పట్టుబట్టడంలో అర్థం లేదు.

దీనికి ఎదురు వాదనా ఉంది. టేపు పాతబడుతుంది. 1970ల్లో, 1980ల్లో వాడిన కొన్ని ఆంపెక్స్ కంపెనీ టేపుల బైండర్ (అయస్కాంత పొడిని టేపుకు అంటిపెట్టే జిగురు) తేమ పీల్చి జిగటగా మారింది. వాటిని 50 డిగ్రీల సెల్సియస్ పైన గంటల తరబడి వెచ్చబెడితే తప్ప ప్లే కావు. 1984లో తాజాగా ఉన్న టేపు నుంచి చేసిన ట్రాన్స్‌ఫర్‌లో ఉన్న ట్రెబుల్, ఇప్పుడు అదే టేపులో మిగిలి ఉండకపోవచ్చు. ఎంత గొప్ప కన్వర్టర్ వాడినా లేనిదాన్ని తేలేదు.

మొదటినుంచీ డిజిటల్‌గా రికార్డ్ చేసినవాటి సంగతి ఇంకా తేలిక. డైర్ స్ట్రెయిట్స్ 'బ్రదర్స్ ఇన్ ఆర్మ్స్' (1985లో విడుదల) సోనీ 24 ట్రాకుల డిజిటల్ టేపు మీద తయారైంది. అలాంటి ఆల్బంకి హై-రిజల్యూషన్ ఎడిషన్ కొంటే కొత్త ఈక్వలైజేషన్ దొరకవచ్చు గాని, రికార్డింగ్‌లో లేని వివరం దొరకదు.

'పూర్తి అనలాగ్' అనే ముద్ర గురించి కూడా ఒక మాట. ఆడియోఫైల్ ఎడిషన్లు తెచ్చే మొబైల్ ఫిడిలిటీ సౌండ్ ల్యాబ్ కంపెనీ ఎల్పీలు చాలావాటి తయారీలో డీఎస్‌డీ డిజిటల్ దశ ఉందని 2022లో బయటపడింది. అప్పటిదాకా అవే ఎల్పీలను అనలాగ్ శబ్దానికి ఆదర్శంగా మెచ్చుకున్నవారు చాలామంది. ఆ ఎల్పీలు బాగుండటం అబద్ధం కాదు. వాటి గొప్పదనానికి చెప్పుకున్న కారణమే తప్పు.

9. ఫార్మాట్ వేరు, మాస్టరింగ్ వేరు అని నిరూపించుకోండి

24 బిట్ ఫైలు సీడీ కన్నా బాగుందనిపిస్తే, ఆ 24 బిట్ ఫైలునే సాక్స్‌లో డిథర్ (బిట్లు తగ్గించేటప్పుడు కలిపే అతి సన్నని శబ్దం) వేసి 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్‌కు తగ్గించండి. వినే ముక్కను మళ్లీ పైకి మార్చి, అసలు దానితో ఏబీఎక్స్ చేయండి. గుర్తుపట్టలేకపోతే మీకు నచ్చింది మాస్టరింగ్, బిట్లు కాదు. బ్రాడ్ మేయర్, డేవిడ్ మొరాన్ 2007లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో ప్రచురించిన పరీక్ష ఈ తరహాదే. ఎస్‌ఏసీడీ, డీవీడీ-ఆడియో శబ్దం దారిలో 16 బిట్ దశను పెట్టి తీసి వినిపిస్తే, 554 ప్రయత్నాల్లో సరైన జవాబులు సగం దగ్గరే ఆగాయి. ఆ డిస్కుల్లో చాలావాటి శబ్దం మామూలు సీడీల కన్నా బాగుందనీ వారే రాశారు. శ్రద్ధగా మాస్టర్ చేసినందువల్ల ఆ మేలు వచ్చింది.

10. కొనే ముందు ఈక్వలైజర్‌తో ఒక ప్రయత్నం

పాత సీడీ డైనమిక్స్ బాగుండి, పలచగా మాత్రమే వినిపిస్తుంటే కొత్త ఎడిషన్ దాకా పోనక్కర్లేదు. ఆడాసిటీలో రెండు ఎడిషన్ల స్పెక్ట్రం గీయించి ఎక్కడ ఎంత తేడా ఉందో రాసుకోండి. సాధారణంగా 100 హెర్ట్జ్ కింద లో-షెల్ఫ్‌తో 2 డెసిబెల్స్, అవసరమైతే 10 కిలోహెర్ట్జ్ పైన హై-షెల్ఫ్‌తో 1 డెసిబెల్ పెంచితే సరిపోతుంది. ఈక్వలైజర్‌లోని ప్రీయాంప్‌ను (మొత్తం స్థాయిని) 3 డెసిబెల్స్ తగ్గించడం మరవకండి, లేకపోతే మీరూ క్లిప్ చేసినవారవుతారు. ఇలా సర్దిన పాత సీడీని రీమాస్టర్‌తో మళ్లీ పేరు తెలియకుండా పోల్చండి. రీమాస్టర్ ఆధిక్యం చాలాసార్లు ఇక్కడే కరిగిపోతుంది. దీనికి తిరుగుదారి మాత్రం లేదు: లిమిటర్ నొక్కేసిన శిఖరాలను ఏ ఈక్వలైజరూ, డీ-క్లిప్పర్ ప్రోగ్రామూ నమ్మకంగా తిరిగి తేలేవు. రెండింటిలో ఒకటే కొనగలిగితే, డైనమిక్స్ ఉన్నదాన్ని కొనండి.

తేలిన ఫలితాన్ని ఫైలు ట్యాగుల్లోనే రాసి పెట్టండి: మ్యాట్రిక్స్ నంబర్, ముద్రణ సంవత్సరం, డీ-ఎంఫసిస్ వేశారా లేదా, ఈక్వలైజర్ విలువలు. అసలు రిప్‌ను తాకకుండా వేరే ఫోల్డర్‌లో ఉంచండి. ట్యాగులు లేకుండా వదిలేస్తే ఆరు నెలల తర్వాత రెండు ఫోల్డర్లలో ఏది ఏ మాస్టరింగో మళ్లీ మొదటి మెట్టు నుంచి వెతుక్కోవాలి.